స్పీకర్లు కొనేముందు ఒక చిన్న హాల్లో మూడో వరుసలో కూర్చోండి

మీరు ఉద్యోగం మీద విజయవాడ వచ్చారు, ఈ మధ్యే కర్ణాటక సంగీతం వినడం మొదలుపెట్టారు, చేతిలో ఓ పాతికవేలు ఉన్నాయి. మంచి స్పీకర్లు కొనుక్కుని ఇంట్లో వినడం మేలా, కచేరీలకు తిరగడం మేలా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. చిన్న హాల్లో కచేరీ దొరికితే దాన్ని మించింది లేదు. పెద్ద మైదానంలో షో అయితే ఇంట్లో వినడమే నయం. ఈ మాట ఊరికే అనడం లేదు. రెండూ ఏళ్ల తరబడి చేశాకే అంటున్నాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. తెల్లారి లేవగానే నాన్నగారు మొదట చేసే పని రేడియో పెట్టడం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. ఆయన పెరిగిందంతా ఆ కేంద్రం వింటూనే. భక్తిరంజని అయ్యేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. బాలమురళి గొంతు వినబడితే చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయేది, చల్లారిపోయినా సరే. నచ్చిన కచేరీ వస్తుందంటే టేప్ రికార్డర్ తెచ్చి రేడియో పక్కన పెట్టి క్యాసెట్లోకి ఎక్కించేవారు.

అలా ఎక్కించిన కల్యాణి రాగం కచేరీ ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆలాపన, అంటే తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం, మధ్యలో అమ్మ కుక్కర్ మూడుసార్లు కూస్తుంది. స్వరకల్పన, అంటే సరిగమలు అప్పటికప్పుడు అల్లి పాడటం, మంచి ఊపు మీద ఉండగా టక్కున ఆగిపోతుంది. అరవై నిమిషాల క్యాసెట్టు ఒకవైపు ముప్పై నిమిషాలే కదా. నాన్నగారు తీసి తిప్పి పెట్టేలోపు నాలుగైదు ఆవర్తనాలు (తాళం చుట్లు) పోయాయి. అక్కడ ఆ గాయకుడు ఏం పాడి ఉంటాడా అని చిన్నప్పుడు ఎన్నిసార్లు ఊహించుకున్నానో.

రికార్డుకి మొదటినుంచీ ఈ కోత తప్పలేదు. పాత 78 ఆర్పీఎం గ్రామఫోను ప్లేటు ఒకవైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. సభలో అరగంట సాగే కీర్తనని మహా విద్వాంసులు కూడా ఆ మూడు నిమిషాల్లోకి కుదించి పాడాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్లో అలాంటి హద్దు లేదు. అయితే కత్తెర మన చేతికి వచ్చింది. ఆలాపన కాస్త సాగితే ముందుకు జరుపుతాం. తనియావర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, రాగానే వంటింట్లోకి వెళ్తాం. మధ్యలో ఫోన్ మోగితే ఆపేసి, మళ్లీ పెట్టేసరికి ఆ రాగం మనసులోంచి జారిపోయి ఉంటుంది. నేను పదేళ్లు ఇలాగే విన్నాను. కీర్తనలు చాలా తెలుసు, రాగం మాత్రం ఒక్కటీ లోపల నిలవలేదు.

అది మారింది ఒక్క సాయంత్రంతో. పెళ్లయి విజయవాడ వచ్చాక, గాంధీనగర్ వైపు ఒక చిన్న హాల్లో కచేరీ ఉందంటే వెళ్లాను. అరవై డెబ్బై మంది ఉంటారేమో. కాస్త ముందే వెళ్లడంతో మృదంగం ఆయన సిద్ధమవడం చూశాను. చిన్న డబ్బాలోంచి బొంబాయి రవ్వ తీసి, నీళ్లతో ముద్దచేసి, మృదంగం ఎడమవైపు, తొప్పి అంటారు దాన్ని, మధ్యలో గుండ్రంగా అద్దారు. ఒకసారి కొట్టి చెవి దగ్గరగా పెట్టి విన్నారు. ఇంకో చిటికెడు అద్దారు. మళ్లీ విన్నారు. తర్వాత కుడివైపు చర్మం చుట్టూ ఉన్న పట్టీ మీద చిన్న రాయితో కొడుతూ శృతి కలుపుకున్నారు. పది నిమిషాలు పట్టింది. ఇన్నేళ్లు మృదంగం వింటూ, దాని ఎడమవైపు గొంతు ఆ రవ్వ ముద్దలోంచి వస్తుందని నాకు తెలియనే తెలియదు.

పాడింది ఒక యువతి. ప్రధానంగా తోడి రాగం ఎత్తుకుంది. ఆలాపన అయ్యింది, కీర్తన అయ్యింది, నెరవల్‌లోకి, అంటే ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా పాడే చోటికి, వచ్చింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. జనరేటర్ ఎంతకీ అందుకోలేదు. మైకు లేదు, ఫ్యాను లేదు, ఆధార స్వరం మోగించే శృతి పెట్టె కూడా ప్లగ్గు మీదే ఉండటంతో ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆగలేదు. వయొలిన్ ఆయన వెంటనే కమాను ఖాళీ తీగల మీద వేసి, ఎక్కడా వేలు పెట్టకుండా, షడ్జమం (స), పంచమం (ప) పట్టి ఉంచారు. మన వయొలిన్‌కి నాలుగు తీగలూ స, ప, స, ప అనే కలుపుతారు కాబట్టి ఆయన కమానే తంబూరా అయ్యింది.

వెనక వరుసల వాళ్లం చప్పుడు కాకుండా కుర్చీలు ముందుకు జరుపుకున్నాం. ఎవరో ఎమర్జెన్సీ లైటు తెచ్చి వేదిక అంచున పెట్టారు. మైకు లేని గొంతు ఎలా ఉంటుందో నేను అప్పుడే విన్నాను. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. గాంధారం (గ) మీద ఆ గమకం అలలా ఊగడం వినిపిస్తోంది. ముందు వరుసలో ఒక పెద్దాయన మోకాలి మీద తాళం వేస్తుంటే ఆ దెబ్బ కూడా వినిపిస్తోంది. మృదంగం ఆయన సగానికి తగ్గించి వాయించారు. తొప్పి మీద అరచెయ్యి నొక్కి జార్చినప్పుడు వచ్చే ఆ మూలుగు నేలమీదుగా వచ్చి పాదాలకి తగిలింది. ఒకే సాహిత్య పాదం, పది పన్నెండుసార్లు పాడి ఉంటుంది, ఏదీ ముందుదానిలా లేదు. ఒకచోట పెద్దాయన నోటివెంట మెల్లగా "ఆహా" అని వచ్చింది. ఆ అమ్మాయి అటు చూసి, అదే చోట ఇంకాస్త లోతుకి వెళ్లింది.

ఆ పదిహేను నిమిషాలు ఎవరూ రికార్డు చేయలేదు. చీకట్లో ఎవరికీ తోచలేదు. కానీ తోడి నాకు అప్పటినుంచీ తెలుసు. ఎక్కడ విన్నా మొదటి రెండు స్వరాల్లోనే పట్టుకుంటాను.

దీనికి పూర్తిగా వేరే అనుభవం ఇంకోటి. మా అబ్బాయి ముచ్చట పడితే ఊరి బయట మైదానంలో సినిమా పాటల షోకి వెళ్లాం. టిక్కెట్టుకి మనిషికి రెండువేలు పైనే. స్టేజీకి వంద మీటర్లు దాటి కూర్చోబెట్టారు. పాడేవాళ్లు మాకు చీమల్లా కనిపించారు, చూసిందంతా పెద్ద తెర మీదే. ఆ తెరలో పెదవి కదిలాక కాసేపటికి పాట వినిపించేది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, అంత దూరానికి పావు సెకను మించి వెనకబడుతుంది. అది చాలు, చూపు ఒకచోట, వినికిడి ఒకచోట అయిపోవడానికి. చప్పుడు సంగతి సరేసరి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇద్దరికీ చెవుల్లో గుయ్యిమనే మోత. 85 డెసిబెల్స్ చప్పుడైతే ఎనిమిది గంటలు వినొచ్చు గానీ, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుందని, 100 దగ్గరికి వస్తే పదిహేను నిమిషాలే లెక్క అని తర్వాత తెలుసుకున్నాను. మేం మూడు గంటలు కూర్చున్నాం. మా వాడికి పదేళ్లప్పుడు. ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో. మీకు పిల్లలుంటే దూది కాదు, ఇయర్ ప్లగ్‌లు తీసుకెళ్లండి.

అలాగని ఇంట్లో వినడం తక్కువని నేను ఎప్పటికీ అనను. నాన్నగారు చివరి మూడేళ్లూ మేడమెట్లు దిగలేకపోయారు. అప్పుడు ఆయనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. శనివారం సాయంత్రం ఆరింటికి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని కుర్చీలో కూర్చునేవారు. నేను ఫోన్లో ఒక పూర్తి కచేరీ పెట్టి స్పీకర్‌కి కలిపేదాన్ని. మొదట పాడే వర్ణం నుంచి చివరి మంగళం దాకా ఆపకూడదు, దాటించకూడదు. తనియావర్తనం వస్తే ఇద్దరం తాళం వేయాలి. తప్పితే ఆయన చెయ్యి నా చెయ్యి మీద పెట్టి సరిచేసేవారు. ఆది తాళం నాకు చేతికి ఎక్కింది అక్కడే. ఆ శనివారాలు నేను వెళ్లిన ఏ సభకీ తీసిపోవు.

ఇక మీ పాతికవేల సంగతి. అందులో సగం పెట్టినా మీ గదికి సరిపోయే జత స్పీకర్లు వస్తాయి. ధరకంటే పెట్టే చోటు ముఖ్యం. మన ఇళ్లలో టైల్స్ గచ్చు, ఖాళీ గోడలు, పైన స్లాబు, చప్పుడంతా తిరిగి కొడుతుంది. కిటికీకి మందపాటి కర్టెన్, కింద బొంతో జంపఖానానో వేసి చూడండి, అవే స్పీకర్లు మారిపోయినట్టు ఉంటాయి. గది మూలకి నెట్టకండి, మృదంగం ఎడమవైపు శబ్దం అంతా బూ అని ఉబ్బిపోతుంది. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీ కుర్చీ వాటికి అంతే దూరంలో, స్పీకర్లు మీ చెవి ఎత్తులో ఉండాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మిగతా సగానికి ఆటో ఛార్జీలు పెట్టుకోండి. మన దగ్గర కచేరీలు చాలావరకు ఉచితమే. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పెద్దవి జరుగుతాయి. 2023 డిసెంబర్‌లో కృష్ణవేణి సంగీత నీరాజనం అనే సంగీతోత్సవం ఇక్కడే పెట్టారు. నాకు మాత్రం చిన్నచోట్లే ఇష్టం. సత్యనారాయణపురంలో శివరామకృష్ణ క్షేత్రం, దుర్గాపురంలో ఘంటసాల పేరున్న ప్రభుత్వ సంగీత కళాశాల, గుంటూరు వెళ్లగలిగితే బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి గుడి కళావేదిక. దుర్గాపురం కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణే. మొదటిసారి ఆ గేటు దాటినప్పుడు నాన్నగారు చెప్పులు విప్పేశారు.

పుష్య బహుళ పంచమికి, మామూలుగా జనవరిలో వస్తుంది, త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. దానికి ఇప్పటినుంచే ఇంట్లో తయారవ్వండి. అక్కడ అందరూ కలిసి పాడే త్యాగరాజ కీర్తనలు, ఘనరాగ పంచరత్నాలు, ఐదే. వాటి రాగాలు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అన్నీ ఆది తాళమే. వారానికి ఒకటి చొప్పున, సాహిత్యం చేతిలో పెట్టుకుని, రోజుకి ఒక్కసారి ఆపకుండా వినండి. ఐదు వారాలు. ఆరాధన రోజు అందరితో కూర్చున్నప్పుడు, మీరు ఇంట్లో విన్నది యాభై గొంతుల్లో ఒక్కసారిగా లేస్తుంది. మొదటిసారి నా చేతి రోమాలు నిక్కబొడుచుకున్నాయి, పక్కన కూర్చున్న ఎవరో పెద్దావిడ పుస్తకం నా వైపు జరిపి, వేలితో వరుస చూపించారు.

హాల్లో ఎక్కడ కూర్చోవాలంటే, మొదటి వరుస పెద్దవాళ్లకి వదిలేయండి. మూడో వరుసలో ఎడమవైపు చూసుకోండి. మృదంగం ఆయన కుడిచేతి వాటం అయితే సాధారణంగా గాయకుడికి కుడిపక్కన, అంటే మనకి ఎడమవైపు కూర్చుంటారు. అక్కడినుంచి ఆయన వేళ్లు కనిపిస్తాయి. అరగంట ముందు వెళ్తే రవ్వ అద్దడం కూడా చూడొచ్చు.