జవాబులు: ఉర్లగడ్డ తీపెక్కడం, జీన్ ఎడిటింగ్

ప్రశ్న: కోల్డ్ స్టోరేజీలో పెట్టిన ఉర్లగడ్డతో చిప్స్ వేస్తే నల్లబడుతున్నాయని వ్యాపారులు ధర కోస్తున్నారు. జీన్ ఎడిటింగ్‌లో (మొక్క జన్యువును కత్తిరించి మార్చే పద్ధతి) దీనికి విరుగుడు ఉందంటున్నారు, నిజమేనా? – రైతు, వి.కోట

జవాబు: విరుగుడు ఉంది, విత్తనమే ఇంకా మన చేతికి రాలేదు. 2–4 డిగ్రీల చలిలో గడ్డలోని పిండి కొంత సుక్రోజుగా మారుతుంది. దాన్ని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. కాగే నూనెలో ముక్కను నల్లగా, చేదుగా చేసేవి ఈ రెండే. ఆ ఎంజైమ్ జన్యువును పనిచేయనీయకుండా చేసిన రేంజర్ రస్సెట్ రకం గురించి అమెరికా శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించారు. ప్రస్తుతానికి మీరు చిప్స్ సరుకును 10–12 డిగ్రీల్లో, మొలకలు రాకుండా మందు పట్టించి నిలవ చేయించండి. తీపెక్కిన గడ్డను రెండు మూడు వారాలు 15–20 డిగ్రీల్లో ఉంచితే చక్కెర కొంత దిగుతుంది, పూర్తిగా పోదు. విత్తన గడ్డకు మాత్రం 2–4 డిగ్రీల చలే సరైనది. మొలకలు ఆపే మందు దాని దరిదాపులకు రాకూడదు.

ప్రశ్న: జన్యువును కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఉర్లగడ్డలో ఇన్వర్టేజ్ జన్యువును ఎడిట్ చేశాం. డీఎన్ఏ వరుస చదివే సీక్వెన్సింగ్‌లో మార్పు కనిపిస్తోంది, అయినా చిప్స్ నల్లబడుతూనే ఉన్నాయి. ఎందుకు? – ఎం.ఎస్సీ. విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు నాలుగో కాపీని అనుమానించండి. సాగు ఉర్లగడ్డలో 48 క్రోమోజోములు, అంటే పన్నెండేసి చొప్పున నాలుగు సెట్లు. మూడు కాపీలు తెగినా, మిగిలిన ఆ ఒక్కటీ ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. సాంగర్ సీక్వెన్సింగ్‌లో నాలుగింటి గీతలూ ఒకదానిపై ఒకటి పడతాయి కాబట్టి, ఆ చోటును విడివిడిగా ఎన్నోసార్లు చదివే ఆంప్లికాన్ డీప్ సీక్వెన్సింగ్ చేయించండి. మారని వరుస రీడ్లలో (చదివిన ముక్కల్లో) పాతిక శాతం దగ్గర ఉంటే ఒక కాపీ మిగిలినట్టే. ఐదో పదో శాతం ఉంటే మొక్క కైమెరా (కొన్ని కణాలు మారి, కొన్ని మారనిది) అయి ఉండొచ్చు. వేర్వేరు కొమ్మల ఆకుల నుంచి డీఎన్ఏ తీసి మళ్లీ చూడండి. మారని వరుస అసలు కనిపించకపోయినా నిశ్చింతగా ఉండకండి. ప్రైమర్ (కాపీ తీయడం మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) అంటుకోని కాపీ, డీఎన్ఏను పెంచే పీసీఆర్‌లోకే రాదు.

ఎక్కడ కత్తిరించాలో చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏను రిఫరెన్స్ జీనోమ్ (ప్రమాణంగా పెట్టుకున్న డీఎన్ఏ వరుస) చూసి రాశారా? మీ రకంలో ఆ 20 అక్షరాల్లో, ముఖ్యంగా పామ్ (కత్తిరించే ముందు కాస్9 గుర్తుపట్టే చిన్న వరుస) పక్కన, ఒక్క అక్షరం తేడా ఉన్నా కత్తెరలా పనిచేసే కాస్9 ప్రోటీన్ ఆ కాపీని వదిలేయొచ్చు. ముందు మీ రకం నాలుగు కాపీలనూ చదివించాల్సింది. మూడేసి అక్షరాలు పోయిన చోట కూడా ప్రోటీన్ పనిచేస్తూనే ఉండొచ్చు.

మొక్కలోకి చొప్పించిన కాస్9 జన్యువును వరిలోలా తర్వాతి తరంలో ఏరేయడం ఇక్కడ కుదరదు. సంకరం చేశారంటే రకమే చెదిరిపోతుంది. కాస్9 ప్రోటీన్, గైడ్ ఆర్‌ఎన్‌ఏలను కలిపి పీఈజీ అనే రసాయనంతో ప్రోటోప్లాస్టుల్లోకి (గోడ తీసేసిన కణాల్లోకి) పంపితే పరాయి డీఎన్ఏ గొడవే ఉండదు. అయితే ప్రోటోప్లాస్టు మొక్కల్లో క్రోమోజోములు తారుమారవుతుంటాయి. వాటి లెక్క సరిచూసి, పొలంలో గడ్డ ఆకారం, దిగుబడి చూశాకే లైను ఎంచుకోండి.

ప్రశ్న: జీన్ ఎడిటింగ్ పంటలు జీఎం (జన్యుమార్పిడి) పంటల కిందికే వస్తాయా? – పలమనేరు

జవాబు: పరాయి డీఎన్ఏ మిగలని ఎస్‌డీఎన్-1, ఎస్‌డీఎన్-2 (ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేసిన) మొక్కలకు 2022 మార్చిలో కేంద్రం 1989 నాటి జీఎం నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు ఉన్న నియమాల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో ప్రకటించిన జీన్ ఎడిటింగ్ రకాలు రెండూ వరివే. అందులో డీఆర్‌ఆర్ ధాన్ 100 మన సాంబ మసూరి నుంచి వచ్చింది. జీన్ ఎడిటింగ్ ఉర్లగడ్డ విత్తనమని ఎవరైనా ఊళ్లోకి తెస్తే అధికారిక విడుదల కాగితం అడగండి, చూపించకపోతే కొనకండి.