నోరు తెరిస్తే చెవి దగ్గర టక్‌మంటోంది, పళ్ళు అరగదీయించుకోవాలా?

మీరు అడిగింది ఇదే కదా: ఆవలిస్తే చెవి ముందుండే దవడ కీలు టక్‌మంటోంది, నమిలితే నొప్పి, డాక్టరుగారేమో బైట్ (పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు) సరిగ్గా లేదు, పళ్ళు కాస్త అరగదీద్దాం అంటున్నారు. అప్పుడే ఒప్పుకోకండి. నేను ఒప్పుకున్నవాణ్ణే.

నాకు చెవిపోటుతో మొదలైంది. నెల రోజులు చెవిలో చుక్కలు వేసుకున్నా తగ్గలేదు. తర్వాత ఒక పళ్ళ డాక్టర్ నీలం కాగితం కొరికించి, మరక పడిన చోటల్లా గ్రైండ్ చేశారు. నొప్పి అలాగే ఉంది సరికదా, ఆ రెండు పళ్ళకి చల్లటి నీళ్ళు తగిలితే ఇప్పటికీ జివ్వుమంటుంది. ఆయన చదువుకున్న రోజుల్లో పాఠం అదేనేమో. 1934లో కోస్టెన్ అనే అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ వెనక పళ్ళు ఊడి దవడ కీలు మీద ఒత్తిడి పడటం వల్లే ఇదంతా అని రాశాక, దశాబ్దాల పాటు అందరి చూపూ బైట్ మీదే. 1980లలో అయితే టెఫ్లాన్ కలిసిన ఇంప్లాంట్లు కీల్లో పెట్టారు; అవి అరిగి ముక్కలై, చుట్టూ ఎముక తినేసి, చాలామందికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లయ్యాయి.

ఇప్పుడు పరిశోధన దారి మారింది. దవడ కీలు, కండరాల సమస్యల్ని నిర్ధారించడానికి 2014లో వచ్చిన డీసీ-టీఎండీ అనే పద్ధతిలో కీలునీ కండరాల్నీ పరీక్షించడంతో పాటు ఆందోళన, దిగులు, నొప్పి వల్ల ఆగిపోతున్న పనులు కూడా అడుగుతారు. అమెరికాలో ఒపేరా అనే అధ్యయనం దవడ నొప్పి లేని 2,700 మందికి పైగా కొన్నేళ్ళు గమనిస్తే, ఏటా వందలో నలుగురికి కొత్తగా నొప్పి వచ్చింది. ఒంట్లో వేరే నొప్పులున్నవాళ్ళూ సరిగ్గా నిద్రపట్టనివాళ్ళూ అందులో ఎక్కువ. 2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకం దీర్ఘకాలిక దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, ఫిజియో, నొప్పి గురించి ఆలోచించే తీరు మార్చే సీబీటీ థెరపీ వైపు మొగ్గింది. కీలు మధ్య మెత్తలా ఉండే డిస్క్‌ని తీసేసే ఆపరేషన్, పళ్ళ అమరికని శాశ్వతంగా మార్చేసే స్ప్లింట్లు (పళ్ళకి తొడిగే అచ్చులు) వద్దని గట్టిగానే చెప్పింది. మన డాక్టర్లు ఠక్కున రాసే నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్ళకి తొడుక్కునే తొడుగు మీద కూడా పెద్ద ఉత్సాహం చూపలేదు. (ట్రయల్స్ చాలావరకు చిన్నవి, కాబట్టి రేపు కొంత మారొచ్చు.)

నాకు పనిచేసింది వింటే నవ్వుతారు. ఫిజియో చెప్పారని మానిటర్ అంచున బొట్టు బిళ్ళ ఒకటి అంటించాను, దాన్ని చూసినప్పుడల్లా పళ్ళు కరుచుకుని ఉన్నానా అని చూసుకోవాలి. మొదటిరోజు చూసిన ప్రతిసారీ కరుచుకునే ఉన్నా! పెదాలు కలపాలి, పళ్ళు కలవకూడదు, నాలుక ‘న’ అనబోయి ఆగిన చోట ఉండాలి. దీంతో పాటు రోజూ వ్యాయామాలు, వేడి కాపడం, కొన్నాళ్ళు జంతికలూ చెరుకుముక్కలూ బంద్. రెండు నెలలకి నొప్పి బాగా తగ్గింది.

మూడు వేళ్ళు పట్టేంత నోరు తెరుచుకోకపోయినా, వాపు, జ్వరం, తిమ్మిరి ఉన్నా, బైట్ ఉన్నట్టుండి మారినా మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోకుండా మాక్సిలోఫేషియల్ సర్జన్‌కి (దవడ, ముఖం ఆపరేషన్లు చేసే డాక్టర్) చూపించండి. అరగదీయాలన్న డాక్టరుని కూడా, అరగదీశాక తగ్గకపోతే వెనక్కి వెళ్ళే దారి ఉందా అని ఒక్కమాట అడగండి.

నొప్పి లేని శబ్దానికి వైద్యం అక్కర్లేదు. పానీపూరీ నోట్లో పెట్టుకుంటే నాకు ఇప్పటికీ టక్‌మంటుంది, పక్కనున్న మా ఆవిడకి కూడా వినిపిస్తుంది.