ఇంగ్లండ్‌లో, ఎక్సెటర్‌లో ఉన్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. కథ మొదటి పేజీ పదిసార్లు రాసి పదిసార్లు చించేశానని రాశావు. కుదరలేదని నాకు బెంగ లేదు. చించేశావే, అదే బాధేసింది.

నువ్వు చదువుతున్న యూనివర్సిటీ లైబ్రరీ ప్రత్యేక సేకరణల్లో విలియం గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' చేతిరాత ప్రతి ఉంది. అప్పట్లో ఆయన సాలిస్‌బరీలో బడి పంతులు. స్కూలు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి ఫేబర్ ప్రచురణ సంస్థలో చార్లెస్ మాంటీత్ అనే ఎడిటర్ దాన్ని పట్టించుకుని, మొదట్లో ఉన్న అణుయుద్ధం భాగం తీసేయమన్నాడు. 1954లో అచ్చయిన నవల నేరుగా కథ జరిగే దీవి మీదే మొదలవుతుంది. ఆ చేతిరాతకీ అచ్చు పుస్తకానికీ ఎంత దూరముందో వెళ్లి చూడు. ముందుగా మెయిల్ పెట్టి టైమ్ తీసుకో. పెన్సిల్ మర్చిపోకు, ఇలాంటి చోట్ల పెన్ను లోపలికి రానివ్వరు.

తర్వాత ఒక రోజు ఆ ఊరి పెద్ద చర్చికి, కెథడ్రల్‌కి వెళ్లు. నాకు ప్రాణమైన పుస్తకం అక్కడుంది, ఎక్సెటర్ బుక్. పదో శతాబ్దంలో తోలు కాగితాల మీద రాసిన పాత ఇంగ్లిష్ పద్యాలు. 1072లో చనిపోయిన బిషప్ లియోఫ్రిక్ ఇచ్చి వెళ్లాడు. ఆ కెథడ్రల్ వాళ్లు 1602లో 81 రాతప్రతుల్ని థామస్ బోడ్లీ ఆక్స్‌ఫర్డ్‌లో పెట్టిన లైబ్రరీకి పంపారు. బోడ్లీ పుట్టింది కూడా ఎక్సెటర్‌లోనే. ఎక్సెటర్ బుక్ మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

ఉండిపోయిందంటే భద్రంగా ఉందనుకోకు. మొదటి పేజీల మీద కత్తి గాట్లున్నాయి, ఏదో ఒలికిన మరకుంది. చివరి పేజీల గుండా కాలిన కన్నం దిగింది. ఆ కాలిన చోటే, కూలిన నగరం గురించి ఒక పద్యం ఉంది. కప్పులు పడిపోయాయి, గోపురాలు ఒరిగాయి, సున్నం మీద మంచు పేరుకుంది అని కవి చెబుతూ ఉండగానే మాటలు తెగిపోతాయి. పేరు తెలియని ఆ కవి మిగిలిన పాదాల కోసం నేను ఇప్పటికీ తపిస్తాను.

అందులో తొంభైకి పైగా పొడుపుకథలు కూడా ఉన్నాయి. విప్పులు రాయలేదు. ఒకదాంట్లో పురుగు పుస్తకంలో మాటలు తినేస్తుంది, తిన్నందుకు దానికి రవ్వంత తెలివి కూడా రాదు. మన తాటాకుల్ని తొలిచిన రామబాణం పురుగు గుర్తొస్తుంది కదూ!

1942 మేలో జర్మన్ బాంబులు ఆ ఊరి మీద పడినప్పుడు సిటీ లైబ్రరీ తగలబడింది. కెథడ్రల్‌లో ఒక చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం, నేలమట్టమైంది. ఇంత జరిగిన ఊళ్లో కూర్చుని, నీ కాగితాల్ని నువ్వే నాశనం చేస్తున్నావు.

నా మొదటి నవల చిత్తుప్రతి ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలతో పాటు తూకానికి వేసేశాను. అందులో తీసేసిన ఒక అధ్యాయం కోసం ముప్పై ఏళ్లుగా వెతుక్కుంటున్నాను. నాకు గుర్తున్నది మొదటి వాక్యం ఒక్కటే.

ఈసారి రాసిన పేజీ చించకు. కొట్టివేతలు అలాగే ఉంచి, తేదీ వేసి, ఫొటో తీసి నాకు పంపు. పదకొండోసారి రాసిందైనా సరే.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య