కరెంటు పోతే ల్యాండ్‌లైనూ పోతోందా?

సందేహం: మా ల్యాండ్‌లైన్‌ను ఫైబర్‌కు మార్చారు. నంబరు పాతదే. కానీ కరెంటు పోయినప్పుడల్లా ఫోను మూగబోతోంది. పాత ఫోను చీకట్లోనూ మోగేది కదా! ఫైబర్‌తో పాటు పెట్టిన బాక్సు పాడైందా? – విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పాడవలేదమ్మా, దాని తీరే అంత. సీతమ్మధార నుంచీ గాజువాక నుంచీ ఇదే గోడు. పాత రాగి తీగలోనే ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఇంటిదాకా వచ్చేది. ఫైబర్‌లో వచ్చేది వెలుగే. దాన్ని మాటగా మార్చే బాక్సుకు మీ ఇంటి ప్లగ్గే దిక్కు. రూటర్లకు అమ్మే మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా బాక్సును నడిపే చిన్న బ్యాటరీ, కొనండి. కొనేముందు బాక్సు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లతో సరిచూసుకోండి. ఇన్వర్టర్ ఉంటే ఆ ప్లగ్గుకు మార్పించినా చాలు. కార్డ్‌లెస్ ఫోనైతే దాని బేసుకూ కరెంటు కావాలి. ఇవన్నీ కొన్ని గంటల ముచ్చటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఇక్కడ ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు చెప్పాలా?

మీరు అడగనిదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఆ బాక్సు ఒక కంప్యూటర్. ఎస్‌టీడీ బిల్లుకు జడిసి డయల్ రంధ్రానికి బుల్లి తాళం వేసుకున్న మనమే, దీని సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను 'అడ్మిన్' అనే వదిలేస్తున్నాం! వైఫై పాస్‌వర్డ్ మార్చాం కదా అంటారు. అది వేరు, ఇది వేరు. బయటి నుంచి సెట్టింగులు తెరిచే వీలు కూడా ఉండిపోతే, ఎవడో అర్ధరాత్రి లోపలికి దూరి మీ నంబరు మీద విదేశాలకు కాల్స్ కొట్టుకుంటాడు, బిల్లు మీకొస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి. బయటి నుంచి సెట్టింగులు తెరవనిచ్చే 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆపండి. మార్చే వీల్లేకుండా బిగించి ఉంటే కనెక్షన్ ఇచ్చినవారినే అడగండి. ఐఎస్‌డీ, అంటే విదేశీ కాల్స్ సదుపాయం, అక్కర్లేకపోతే రాతపూర్వకంగా తీయించేయండి.

అసలు ఒక చిన్న బ్యాటరీ పెట్టడానికి ఈ తయారీదారులకు ఏం రోగం? ఎర్ర లైటు వెలిగిస్తారు, పక్కన 'ఎల్‌ఓఎస్' అని మూడక్షరాలు. ఫైబర్‌లో వెలుగు అందడం లేదని దానర్థమట, పెద్దవాళ్లకు ఎలా తెలుస్తుంది?

అన్నట్టు, అపార్ట్‌మెంట్ సంఘాల వారూ, మీ లిఫ్టులోని అత్యవసర ఫోను ఈ లైను మీదే ఉందేమో చూసుకోండి. కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడే అదీ ఆగిపోతుంది.