బాస్ పేరు ఫోన్‌లో కనిపిస్తే గుండె దడ.. జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 32. రెండేళ్లు మా మేనేజర్ నన్ను బాగానే చూసుకున్నారు. ఒకసారి పైఅధికారి అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. అప్పటి నుంచి మేనేజర్ వరస మారింది. మీటింగుల్లో సూటిపోటి మాటలు, చిన్న తప్పుకే అరుపులు. నేను తయారుచేసిన రిపోర్టులో నా పేరే తీసేశారు. ఫోన్‌లో ఆయన పేరు చూస్తే గుండె దడ. రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. ఇది అసూయేనా? నాకేమైనా జబ్బా?

జవాబు: ముందు దడ సంగతి చూద్దాం. భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది. రోజూ అదే జరుగుతుంటే ఫోన్ మోగినా చాలు, శరీరం ఉలిక్కిపడుతుంది. అయినా అంతా టెన్షనే అని వదిలేయకండి. థైరాయిడ్ తేడా, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. రక్తపరీక్షలు, ఒక ఈసీజీ చేయించుకోండి.

ఇక అసూయ. కింద పనిచేసేవాళ్లను చూసి పైవాళ్లు ఓర్వలేకపోవడం ఉన్నదే. చేయి చేసుకోకపోయినా మాటలతో, చేతలతో పదేపదే చూపే శత్రుత్వాన్ని వేధింపుగా 2000లో బెన్నెట్ టెప్పర్ అనే పరిశోధకుడు నిర్వచించారు. 2018లో ఆయన మరో ఇద్దరితో కలిసి ఈ అసూయనే పరిశీలించారు. తన విలువ తగ్గిపోతోందన్న బెదురు కొందరు బాసులను వేధింపు వైపు నెడుతుందని, మరికొందరు అదే బెదురుతో తమ పని మెరుగుపరుచుకుంటారని తేలింది. అసూయ పుట్టడం మీ మేనేజర్ చేతిలో లేకపోవచ్చు, మీ పేరు కొట్టేయడం మాత్రం ఆయన చేసిన పనే.

మీ మేనేజర్ ఏ కోవో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఒక్కటి గమనించండి. అందరి మీదా అరుస్తున్నారా, మీ మీదేనా? అందరి మీదా అయితే అది ఆయన కోపమో, పైనుంచి వచ్చే ఒత్తిడో కావచ్చు. మెప్పు వచ్చిన ప్రతిసారీ మీకే చీవాట్లు పడుతుంటే మీ అనుమానంలో పస ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది పని తగ్గించి, కనబడకుండా ఉండాలని చూస్తారు. నాకది నచ్చదు. దాంతో దడ తగ్గదు, పేరూ పోతుంది. ఏ రోజు ఏమన్నారో రాసిపెట్టుకోండి. రిపోర్టు పంపేటప్పుడు ఈమెయిల్‌లోనే మీ పేరుతో పంపండి. హెచ్‌ఆర్‌కు చెప్పాల్సి వస్తే అవే పనికొస్తాయి.

నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే సైకియాట్రిస్టును కలవండి, కౌన్సెలింగ్‌తో చాలామందికి తగ్గుతుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి. ఈలోగా పడుకునే గదిలో ఫోన్ పెట్టుకోకండి. అలారానికి వేరే గడియారం చాలు.