మృగశిర కార్తె రాగానే పత్తి విత్తనం వేసేయొచ్చా?

వద్దు, కార్తె వచ్చినా సరే, మొత్తం మీద 60-70 మి.మీ. వాన పడి నేల లోపలిదాకా తడిశాకే పత్తి గింజ పెట్టాలి. మొదటి వానకు పైపైన నాలుగు వేళ్ల మందమే తడుస్తుంది, ఆ తడికే గింజ మొలిచి, తర్వాత పది రోజులు వాన ముఖం చాటేస్తే వేరుకు కింద నీళ్లందక మొలక మాడిపోతుంది, విత్తనాల ప్యాకెట్ డబ్బులు గోవిందా. హైదరాబాద్ పక్కన చేవెళ్ల వైపు ఎర్ర చల్కల్లో, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో, ఈ ముప్పు ఇంకా ఎక్కువ, అవి నల్లరేగడిలా తడిని పట్టి ఉంచవు. పారతో జానెడు లోతు తవ్వి అడుగు మట్టిని పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టకుండా పొడిపొడిగా రాలితే ఆగండి, ఈలోగా నేలను గుల్ల చేసే గుంటక తోలుకోవచ్చు. జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిరనే చాలామంది ముహూర్తం అనుకుంటారు గానీ, కార్తె చెప్పేది సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదే, మీ చేలో పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, సంగతి దానికి తెలీదు.