కప్‌బోర్డ్‌లో సిలబుల్స్ ఎన్ని? దాన్ని ఎలా పలకాలి?

సిలబుల్‌కి, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కకి, ఒక చప్పట్టు చొప్పున మీ బాబు కప్‌బోర్డ్ అనే మాటకి నాలుగు చప్పట్లు కొడితే టీచర్ రెండే అన్నారని, ఏది సరైనదని అడిగారు కదా. రెండే సరైనది. అయినా బాబుని కోప్పడకండి. వాడు ఇంట్లో విన్నట్టే లెక్కపెట్టాడు. మనం 'కప్పుబోర్డు' అంటాం: క-ప్పు-బో-ర్డు, నాలుగు అక్షరాలు. ఆ రెండు ఉకారాలూ మనం చేర్చుకున్నవే, ఇంగ్లీషులో అవి లేవు.

నాకు ఇది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో అద్దెకున్నప్పుడు తెలిసింది. ఇంటావిడ ప్లేట్లు 'కబడ్'లో పెట్టమన్నారు. అదేదో కొత్త మాట అనుకున్నాను. ఆవిడ వంటింటి అలమర తలుపు తీసి చూపించాక గానీ, చిన్నప్పటి నుంచి నేను చదువుతున్న మాటే అదని అర్థం కాలేదు.

రాతలో విడగొడితే కప్, బోర్డ్. నోట్లో మాత్రం క-బర్డ్. బ్రిటన్‌లో చాలామంది ఆ 'ర'ని కూడా పలకరు. కబడ్డీ అనబోయి 'డీ' దగ్గర ఆగిపోతే దాదాపు అదే వస్తుంది, పిల్లలకి ఇలా చెబితే వెంటనే పట్టుకుంటారు.

మరి 'ప' ఏమైంది? అప్ + ధి అబ్ధి అయినప్పుడు ఏమైందో ఇక్కడా అదే. పక్కనున్న 'బ' ప్రభావంతో 'ప్' కాస్తా 'బ్' అయి అందులో కలిసిపోయింది. బళ్లో చదివిన జశ్త్వ సంధి లాంటిదే ఇంగ్లీషు వాళ్ల నోట్లోనూ జరిగిందని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో! ఇక ఊనిక, అంటే నొక్కి పలకడం, అంతా మొదటి సిలబుల్ మీదే ఉండటంతో 'బోర్డ్' నలిగి 'బర్డ్' అయింది. ఇది 14వ శతాబ్దం నుంచీ ఉన్న మాట. అప్పట్లో బోర్డ్ అంటే బల్ల, కప్పులు పెట్టుకునే బల్ల అన్నమాట. ఇప్పుడు ఆ అర్థం ఎవరికీ గుర్తులేదు, అందుకే రెండు మాటలూ కరిగి ఒకటైపోయాయి. రాత మాత్రం మారలేదు.

దీన్ని చూసి కీబోర్డ్‌ని 'కీబర్డ్' అనకండి. కీబోర్డ్, కార్డ్‌బోర్డ్, డ్యాష్‌బోర్డ్ వీటన్నిటిలో 'బోర్డ్' నిండుగానే పలుకుతుంది. బ్రేక్‌ఫాస్ట్ మాత్రం కప్‌బోర్డ్ దారిలోనే వెళ్లి 'బ్రెక్‌ఫస్ట్' అయింది. బాబుతో ముందు ఈ రెండు మాటలకే చప్పట్లు కొట్టించండి, ఒక్కోదానికి రెండేసి.